అత్తను అడగాలా, కోడలిని అడగాలా? పల్లెల్లో మహిళా సాధికారత సర్వేలో కులం, ఇంట్లో స్థానం

ఎర్రనేల (ప్రశ్న)

అందరికీ నమస్తే. ప్రకాశం జిల్లాలో మూడు ఊళ్లలో మహిళల సాధికారత మీద సర్వే తయారవుతోంది. ఊరికి 40 ఇళ్లు, మొత్తం 120. డ్వాక్రా సంఘాల జాబితాలోంచి ఇళ్లు ఏరుకుని, ఇంటికి ఒక మహిళను అడగాలన్నది ఇప్పటి ఆలోచన.

ప్రశ్నలు చాలావరకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తీసుకున్నవి. తన వైద్యం, ఇంటికి పెద్ద కొనుగోళ్లు, పుట్టింటికీ చుట్టాలిళ్లకూ వెళ్లడం, ఈ మూడింటిలో మాట ఎవరిది? బజారుకి, ఆసుపత్రికి, ఊరి బయటికి ఒంటరిగా వెళ్లనిస్తారా? పొలం పేరున ఉందా, ఇల్లు పేరున ఉందా? బ్యాంకు ఖాతా తనే నడుపుతుందా? సొంత ఫోన్ ఉందా? ఒక్కోదానికి ఒక మార్కు వేసి 10కి ఎన్ని వచ్చాయో చూడాలనుకున్నాం.

ముందుగా కొన్ని ఇళ్లలో అడిగి చూస్తే రెండు చిక్కులు కనపడ్డాయి. ఎస్సీ కాలనీలో రోజూ కూలికి వెళ్లే ఆమెకూ, ఊళ్లో పెద్దరైతుల వీధిలో నాలుగెకరాలు పేరున ఉన్న ఆమెకూ దాదాపు ఒకే మార్కు వస్తోంది. ఆ ఇద్దరి బతుకులూ ఒకటి కాదని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఇక ఉమ్మడి కాపురాల్లో కోడలిని ఏమడిగినా "ఇద్దరం కలిసే అనుకుంటాం" అనే జవాబు తప్ప ఇంకోటి రావడం లేదు. అత్త పక్కనే కూర్చుని ఉంటుంది.

ఇంట్లో ఎవరిని అడగాలి, కులాన్ని ఎలా రాసుకోవాలి, ఈ మార్కులు కూడవచ్చా? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పొలంగట్టు

ఎర్రనేల గారూ, రెండో చిక్కుతో మొదలుపెడదాం. అది సరిపడకపోతే మొదటిది తేలదు.

"ఇంటికి ఒక మహిళ" అని రాసుకున్న చోటే సగం సర్వే చేజారింది. ఆ ఒక్కరు ఎవరు? కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల మహిళలను అడుగుతుంది. అందులోనూ నిర్ణయాల ప్రశ్న భర్త ఉన్నవాళ్లకే. అంటే యాభై దాటిన అత్త లెక్కలోకి రాదు, భర్త పోయిన ఆమెను ఈ ప్రశ్నే అడగరు. 2012లో వచ్చిన వ్యవసాయ మహిళా సాధికారత సూచీ ఇంకో దారి పట్టింది. ఇంట్లో ముఖ్యంగా నిర్ణయాలు తీసుకునే మగ మనిషి ఒకరిని, ఆడ మనిషి ఒకరిని అడుగుతుంది. అక్కడ ఉమ్మడి ఇంట్లో చాలాసార్లు అత్త దొరుకుతుంది, కోడలు జారిపోతుంది. ఏ పద్ధతి పట్టుకున్నా ఒక తరం కనపడకుండా పోతుందని ముందే తెలిసి ఉండాలి.

సంఘాల జాబితా నుంచి ఇళ్లు తీసుకోవద్దు. సంఘంలో సభ్యత్వం మామూలుగా ఇంటికొకరిదే. ఉమ్మడి ఇంట్లో అది అత్త పేరున ఉండి, ఆమెకు ఓపిక తగ్గాక కోడలి చేతికి వస్తుంది. నెలనెలా పొదుపు కట్టలేక మానేసినవాళ్లు, పనులకు హైదరాబాదో బెంగళూరో వెళ్లి ఏడాదిలో సగం ఊళ్లో ఉండనివాళ్లు, యానాదుల ఇళ్లు ఆ జాబితాలో అసలు ఉండకపోవచ్చు. మీరు కొలవాలనుకున్నదే జాబితాలో ముందుగా వడపోతకు గురైంది. వాడవాడా తిరిగి మీరే ఇళ్ల జాబితా రాసుకోండి. మూడు ఊళ్లకు నలుగురు మనుషులు ఉంటే వారంలోపు అయిపోయే పని అది.

ఇల్లంటే ఏమిటో కూడా తేల్చుకోండి. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే రెండు ఇళ్లుగానే రాయాలి. వేరుపడిన కోడలి పరిస్థితి, అత్తతో ఒక పొయ్యి మీద వండుకునే కోడలి పరిస్థితి ఒకటి కాదు. ప్రతి ఇంట్లో 18 దాటిన ఆడవాళ్లందరి పేర్లూ రాసి, ఒక్కొక్కరి పక్కన ఇవి నింపండి: వయసు, ఇంటి పెద్దకు ఏమవుతుంది, పెళ్లయి ఎన్నేళ్లు, వేరు కాపురమైతే ఎప్పటినుంచి, పిల్లలు ఎందరు, కొడుకు ఉన్నాడా, భర్త ఊళ్లో ఉంటున్నాడా, పుట్టిల్లు ఎంత దూరం, పెళ్లి మేనరికమా బయటి సంబంధమా.

చివరి రెండూ మన వైపు తప్పకుండా అడగాల్సినవి. అత్త మేనత్తే అయినప్పుడు, పుట్టిల్లు పక్క వీధిలోనే ఉన్నప్పుడు "పుట్టింటికి ఎవరు పంపాలి" అన్న ప్రశ్నకు బరువుండదు. ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లాలో 2018లో పెళ్లయిన యువతుల మీద జరిగిన అధ్యయనంలో, అత్తతో కలిసి ఉండే కోడళ్లకు ఊళ్లో మనసువిప్పి మాట్లాడుకునే మనుషులు తక్కువని తేలింది. అక్కడ కోడలు తెలియని ఊరికి వస్తుంది. మేనరికం ఉన్న చోట అదే ఫలితం వస్తుందని ముందే అనుకోవద్దు, రాదనీ అనుకోవద్దు. అడిగి చూడండి.

ఇంట్లో స్థానానికి ఈ విభజన సరిపోతుంది: భర్తతో వేరు కాపురం ఉన్న ఇల్లాలు, కోడలున్న అత్త (భర్త ఉన్నాడా లేడా విడిగా), అత్తతో ఉన్న కోడలు, భర్త వలసలో ఉండగా ఇల్లు నడుపుతున్న ఆమె, తానే ఇంటి పెద్ద అయిన వితంతువు, కొడుకు ఇంట్లో లేదా పుట్టింట్లో ఉంటున్న వితంతువు, భర్త వదిలేసి పుట్టింటికి చేరిన ఆమె. అల్లుడు ఇల్లరికం వచ్చిన ఇళ్లు కొన్నే దొరుకుతాయి. అయినా కలిపేయకుండా గుర్తు పెట్టి ఉంచండి. కూతురు అత్తగారింటికి పోకుండా తల్లితోనే ఉన్నప్పుడు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

అత్తాకోడళ్లు ఉన్న ఇంట్లో ఇద్దరినీ అడగాలి, ఒకే సమయంలో, ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒకరు అత్తతో వసారాలో కూర్చుంటే ఇంకొకరు కోడలితో వంటింటి వైపో పెరట్లోనో కూర్చోవాలి. ముందు అత్తను, తర్వాత కోడలిని అంటే అత్త లేచి వెళ్లదు, కోడలు ఆమె చెప్పిందే చెబుతుంది. ప్రతి భాగం చివర "ఇప్పుడు పక్కన ఎవరున్నారు" అని ఒక గడి పెట్టి నిజం రాయండి. తర్వాత లెక్కల్లో ఆ గడే చాలా జవాబులకు తాళంచెవి అవుతుంది.

"ఇద్దరం కలిసే" సంగతి. ఆ ఆరోగ్య సర్వేలో జవాబులు నాలుగు: ముఖ్యంగా నేను, ముఖ్యంగా భర్త, ఇద్దరం కలిసి, ఇంకెవరో. ఇంట్లో పెత్తనం చేసే అత్త ఆ "ఇంకెవరో"లో కలిసిపోతుంది. మీ కాగితంలో అత్త, మామ, బావ, కొడుకు వేర్వేరు గడులుగా ఉండాలి. అసలు "ఎవరు నిర్ణయిస్తారు" అని అడగడం మానేసి, చివరిసారి జరిగిన ఒక్క సంగతి పట్టుకోండి. చివరిసారి మీరు ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లారు? వెళ్లాలన్న మాట ముందు ఎవరన్నారు? ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చింది? డబ్బు ఎవరి చేతిలోంచి వచ్చింది? వెంట ఎవరు వచ్చారు? మీకు వద్దనిపిస్తే ఆపగలిగేవారా? గేదెను కొనడం, అమ్మడం, పిల్లను కాలేజీకి పంపడం, చీటీ ఎత్తడం, అన్నింటినీ ఇలాగే అడగొచ్చు. ఒక్కో సంగతికి నాలుగు నిమిషాలు పడుతుంది. ముగ్గురు మనుషుల పేర్లు బయటపడ్డాక "కలిసే" అన్న మాట వెనుక ఎవరున్నారో తెలుస్తుంది.

పాలు పోసే ఇళ్లలో ఇంకో మంచి దారి ఉంది. పాల పుస్తకం ఎవరి పేరున ఉంది, బిల్లు ఎవరు తెచ్చుకుంటారు, తెచ్చాక ఎక్కడ పెడతారు అని అడగండి. గడ్డి కోసి, పేడ తీసి, పాలు పితికే కోడలు ఒకరు, బిల్లు లెక్కపెట్టుకునే వారు ఇంకొకరు అయితే ఇంట్లో ఎవరెక్కడ ఉన్నారో ఆ మూడు ప్రశ్నల్లో వచ్చేస్తుంది.

వాడవాడ

పొలంగట్టు గారు ఇంటి లోపలి సంగతి బాగా చెప్పారు. కులం దగ్గర ఇంతే లోతుగా పోవాలి. మొదటి చిక్కు అక్కడే విడుతుంది.

మీ కదలిక ప్రశ్న "బజారుకి ఒంటరిగా వెళ్లనిస్తారా" అని ఉంది. ఇది గడప దాటడానికి అనుమతి కావాల్సిన ఇళ్లను మనసులో పెట్టుకుని రాసిన ప్రశ్న. తెల్లారి ఆటోలో ముఠాతో మిర్చి కోతకో పొగాకు గ్రేడింగుకో వెళ్లే మాదిగ మహిళకు అది ప్రశ్నే కాదు. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. ఆమెకు మూడు మార్కులూ పడతాయి. కానీ అదే ఆమె రామాలయం లోపలికి వెళ్తుందా, పంచాయతీ ఆఫీసులో కుర్చీలో కూర్చుంటుందా, రైతు ఇంటికి కూలి డబ్బుల కోసం వెళ్తే ఎక్కడ నిలబడుతుంది, ఊళ్లో బోరు దగ్గర నీళ్లు తనే పట్టుకుంటుందా, అక్కడ తనను ఏమని పిలుస్తారు? ఇవి మీ కాగితంలో లేవు. ఆమెకు అడ్డం వచ్చేది భర్తో అత్తో మాత్రమే కాదు, ఊరు కూడా. సర్వే ఇంటి గడప దగ్గరే ఆగిపోతే ఊరు పెట్టే అడ్డం లెక్కలోకి రాదు.

అందుకని చోట్ల జాబితాను పెంచండి: బ్యాంకు, పాల కేంద్రం, రైతు భరోసా లేదా రైతు సేవా కేంద్రం, గుడి, చర్చి, పంచాయతీ ఆఫీసు, గ్రామసభ, గ్రామ సంఘం (ఊళ్లోని డ్వాక్రా సంఘాలన్నీ కలిసినది) సమావేశం, పెద్దరైతుల వీధి, ఊళ్లో టీకొట్టు. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు చాలు. గత నెలలో వెళ్లారా? వెళ్తే లోపల కూర్చున్నారా, బయటే ఉన్నారా? వెళ్లకపోతే ఆపింది ఇంట్లోవాళ్లా, ఊళ్లోవాళ్లా, పని లేకపోవడమా? ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా విలువైంది. పెద్దకులాల ఇళ్లలో "ఇంట్లోవాళ్లు" అన్న జవాబు, ఎస్సీ, ఎస్టీ వాడల్లో "ఊళ్లోవాళ్లు" అన్న జవాబు ఎలా చీలుతున్నాయో చూపించే పట్టిక మీ నివేదికకు గుండెకాయ అవుతుంది.

కులం గడిలో "ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ" అని నాలుగే పెడితే తప్పు. మాల, మాదిగ వేర్వేరుగా రాయండి. వాళ్ల వాడలు వేరు, సంఘాలు వేరు, చదువులో, భూమిలో తేడా ఉంది. ఎస్సీలను ఉపవర్గాలుగా విభజించవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పాక, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ మూడు గ్రూపులుగా విభజించాయి. ప్రభుత్వమే విడదీసి చూస్తున్నదాన్ని సర్వే కలిపేయడం సరికాదు. బీసీల్లో ట్రాక్టరున్న యాదవ కుటుంబం, చాకలి పని చేసే కుటుంబం ఒకే గడిలో ఉండకూడదు. ఎస్టీల్లో యానాది, ఎరుకల, లంబాడీ, చెంచు ఒకటి కాదు.

ఇంకో జాగ్రత్త. క్రైస్తవం తీసుకున్న ఎస్సీ కుటుంబాలు కాగితాల మీద బీసీ-సీ (బీసీల్లో సీ గ్రూపు) కిందికి వస్తాయి, కానీ ఉండేది అదే వాడలో, ఊరు చూసేది అదే చూపుతో. కాబట్టి సర్టిఫికెట్ కులంతో పాటు ఏ వాడలో ఉంటారో కూడా రాయాలి. మతం గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆ జవాబు ఎవరి చేతిలోనైనా పడితే వాళ్ల సర్టిఫికెట్‌కే ముప్పు. చర్చికి వెళ్లడం చోట్ల జాబితాలో ఒక వరుసగా ఉంటే చాలు, దాన్ని పేరుతో కలిపి ఎక్కడా నిల్వ చేయకండి.

పనిని కూడా ఒకే కోణంలో చూడొద్దు. కాస్త భూమి కొన్నాక, మగపిల్లలు ఉద్యోగాల్లోకి వెళ్లాక ఇంటి ఆడవాళ్లను కూలి మాన్పించడం చాలా బీసీ, ఎస్సీ కుటుంబాల్లో పరువు లెక్కలోకి వస్తుంది. పైకులాల ఆచారాలు పట్టుకుని పైకి పోవాలనే ఈ తీరును ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. అలా మానేసిన ఆమె ఎండలో నడుం వంచే బాధ తప్పించుకుంది. తన చేతికి వచ్చే రోజుకూలినీ, ముఠాలో తోటి ఆడవాళ్లనీ కూడా పోగొట్టుకుంది. ఇది లాభమా నష్టమా అన్నది ఆమెనే అడగండి. మీరు మార్కు వేయొద్దు.

కూలికి వెళ్లే వాళ్లకు మాత్రం ఈ ప్రశ్నలు తప్పవు: కూలి ఎవరి చేతికి ఇస్తారు, మీకా, మేస్త్రీకా, భర్తకా? అదే పనికి మగవాళ్లకు ఎంత, మీకు ఎంత? అప్పు తీసుకున్న రైతు పిలిస్తే రానని చెప్పగలరా? మూడోదానికి "చెప్పలేను" అన్న జవాబు వచ్చిన చోట, ఒంటరిగా బజారుకి వెళ్తుందన్న మార్కుకు ఏపాటి అర్థం ఉందో ఆలోచించండి.

సంఘం గురించి చివరగా. 10 నుంచి 15 మంది సంఘాలు సాధారణంగా వాడల వారీగా ఏర్పడతాయి కాబట్టి సంఘం లోపల కులం గొడవ అంతగా కనపడదు. అది బయటపడేది గ్రామ సంఘం దగ్గర. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ఏ వాడవాళ్లు? సమావేశం ఎవరి ఇంటి దగ్గర? మినిట్స్ పుస్తకం ఎవరింట్లో ఉంటుంది? ఎస్సీ సంఘం లీడరు అక్కడ కుర్చీలో కూర్చుంటుందా? "సంఘంలో సభ్యురాలా? అవును" అన్న ఒక్క మార్కు కంటే ఈ నాలుగూ ఎక్కువ చెబుతాయి.

దస్తావేజు

ఆస్తి ప్రశ్న గురించి నేను చెబుతాను. "పొలం పేరున ఉందా" అన్నది ఒక ప్రశ్న కాదు. పేరు ఎవరిది, సాగు ఎవరి చేతిలో, రాబడి ఎవరికి, అమ్మాలంటే ఎవరి మాట చెల్లుతుంది అని నాలుగు. పెద్దరైతుల ఇళ్లలో పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఆమె పేరున ఉంటుంది. పాసుపుస్తకం బీరువాలో ఉంటుంది, కౌలు డబ్బు భర్త చేతికి పోతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆమె దానికి పూర్తి యజమాని. చట్టం ఇచ్చిన ఆ యజమానితనం ఇంట్లో ఎంత నడుస్తోందో తెలియాలంటే "పోయినేడు కౌలు ఎంత వచ్చింది" అని అడగండి. మొత్తం చెప్పగలిగిన ఆమె, చెప్పలేని ఆమె ఇద్దరికీ ఒకే మార్కు వేయకూడదు.

పుట్టింటి ఆస్తి విషయంలో ఒక ప్రశ్న తప్పకుండా పెట్టండి: అన్నదమ్ములకు హక్కు విడుదల దస్తావేజు రాసిచ్చారా, ఎప్పుడు, ఏమైనా తీసుకున్నారా? ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, కానీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ ఆ పెళ్లి షరతును తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేకుండా హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మీ సర్వేలో అత్త 1985కి ముందు పెళ్లయి ఉండవచ్చు, కోడలు ఆ తర్వాత. ఒకే ఇంట్లో ఇద్దరి పుట్టింటి హక్కు చరిత్ర వేరు. పెళ్లి ఏడాది రాసుకోమన్నది ఇందుకే.

ఎస్టీ కుటుంబాలకు ఆ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం నేరుగా వర్తించదు. కాబట్టి యానాది, లంబాడీ మహిళలను "చట్టప్రకారం వాటా తెలుసా" అని అడిగి మార్కు కోయడం అన్యాయం.

ఎస్సీ వాడల్లో పొలమంటే ఎక్కువగా ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి. 1977 నాటి చట్టం దాని బదిలీని నిషేధించింది, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటినవాటికి 2023 సవరణ దాన్ని సడలించింది. పేరు ఉన్నా చాలాచోట్ల సొంత పట్టా భూమితో సమానం కాదు. పట్టా ఒకరి పేరున ఉండి సాగు ఇంకొకరి చేతిలో ఉన్న చోట్లూ ఉంటాయి. కౌలుకు చేసేవాళ్లయితే పంట సాగుదారు హక్కు పత్రం ఉందా, ఎవరి పేరున అని అడగండి. 2019 చట్టం ప్రకారం అది 11 నెలలకే, భూమి యజమాని ఒప్పుకుంటేనే. పొగాకు ఇళ్లలో బ్యారన్ (పొగాకు ఆకు కాల్చే కొట్టం) రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో కూడా అడగండి. అప్పు, అమ్మకం రెండూ ఆ పేరుతోనే నడుస్తాయి.

ఇల్లు సంగతి వేరు. 2020 డిసెంబరు నుంచి ఇచ్చిన ఇళ్ల స్థలాల పట్టాలు మహిళల పేరున ఉన్నాయి. పేద ఇళ్లలో "ఇల్లు నా పేరున" అన్న జవాబు వస్తే దాంట్లో పథకం పాలు పెద్దది. అది మంచిదే. కాకపోతే పట్టా రేషన్ కార్డు లెక్కన వచ్చింది. అత్త కార్డులోనే ఉన్న కోడలికి విడిగా రాలేదు. బ్యాంకు ఖాతా కూడా అంతే. గత ప్రభుత్వపు చేయూత పథకం 45 నుంచి 60 ఏళ్ల మహిళలకు ఏడాదికి 18,750 రూపాయలు ఇచ్చింది, కాబట్టి అది అత్త ఖాతాలో పడింది. పిల్లల చదువు డబ్బు తల్లి ఖాతాలోకి, అంటే కోడలి ఖాతాలోకి వచ్చింది. ఖాతా ఉందా అని కాకుండా, చివరిసారి పడిన డబ్బు ఎవరు తీశారు, ఖాతాకు ఎవరి ఫోన్ నెంబరు జత అయి ఉంది, సంక్షిప్త సందేశం ఎవరి ఫోన్‌కి వస్తుంది అని అడగండి. ఫోన్ కొడుకు చేతిలో ఉంటే ఖాతా ఎంతవరకు ఆమెదో ఆ జవాబే చెబుతుంది.

వితంతువుల దగ్గర ఇంకాస్త ఓపిగ్గా ఉండండి. భర్త వీలునామా లేకుండా చనిపోతే అతని సొంత ఆస్తిలో భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమాన వాటాలు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉంటే నాలుగో వంతు చొప్పున. అంటే అత్త కూడా మొదటి తరగతి వారసురాలే. వితంతువైన కోడలు, అత్త ఒకే పొలంలో వాటాదారులవుతారు. కొడుకు లేని యువ వితంతువును పుట్టింటికి పంపేయాలని చూసే ఇళ్లలో అసలు గొడవ ఇక్కడే. మారుమనువు ఆచారం ఉన్న కులాల్లో ఆమె ముందు ఇంకో దారి ఉంటుంది, లేని కులాల్లో ఉండదు. "ఎవరి ఇంట్లో ఉంటున్నారు, మీ ఇష్టంతోనేనా" అన్న ప్రశ్న ఒక్కటైనా పెట్టండి.

ఎర్రనేల

చాలా ఉపయోగపడింది, ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు అడ్డంకులున్నాయి. పూర్తి ప్రశ్నపత్రంతో మొత్తం 180 మందికి మించి అడిగే స్తోమత లేదు. పొలంగట్టు గారు చెప్పిన ఏడు స్థానాలు, వాడవాడ గారు చెప్పిన కులాలు అన్నీ పెడితే గడికి ముగ్గురు నలుగురు కూడా రారు. ఇంకొకటి, భర్త కొట్టడం గురించి కూడా అడగాల్సి వస్తోంది. ఇద్దరిని ఒకే ఇంట్లో అడుగుతూ అది ఎలా?

పొలంగట్టు

అన్నీ రాసుకోండి, కానీ అన్నీ పోల్చొద్దు. పోలికకు మూడు కులాల గుంపులు, రెండు స్థానాలు చాలు. ఎస్సీ, భూమి తక్కువున్న బీసీ, భూమున్న ఓసీ. అత్తతో ఉన్న కోడలు, వేరు కాపురమున్న ఇల్లాలు. ఆరు గడులు, గడికి 30 మంది, 180. అత్తలను ఆ కోడళ్ల ఇళ్లలోనే చిన్న కాగితంతో, పదిహేను నిమిషాల్లో అడగవచ్చు. వితంతువులు, ఎస్టీ వాడలు, ఇల్లరికపు ఇళ్లు ఈ లెక్కలో ఇమడవు. వాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడి రాయండి, శాతాలు వేయకండి. ఎస్సీ వాడల్లో పెళ్లయిన కొన్నాళ్లకే వేరుపడే ఇళ్లు ఎక్కువైతే కోడళ్లు 30 మంది దొరకకపోవచ్చు. అదే మీకొక ఫలితం. గడి నింపడానికి ఇంకో ఊరు వెతకొద్దు.

మార్కులు కూడొద్దు. 2012 నాటి సూచీ 80 శాతం గానీ అంతకు మించి గానీ వస్తే సాధికారత ఉన్నట్టు లెక్క వేస్తుంది. 2019లో వచ్చిన దాని తర్వాతి రూపం 12 సూచికలకు సమాన బరువిచ్చి 9 రావాలంది. పెద్ద ప్రాజెక్టులో, దేశాలకు దేశాలు పోల్చేటప్పుడు దానికొక ప్రయోజనం ఉంది. ఒక ఊళ్లో మాత్రం, ఆస్తి ఉండి గడప దాటని ఆమె, గడప దాటి ఆస్తి లేని ఆమె ఒకే అంకె కింద కలిసిపోతారు. మీకు తగిలిన మొదటి చిక్కు ఇదే. సూచిక వారీగా పట్టిక వేసి, ఆరు గడులను పక్కపక్కన పెట్టండి.

సమయం లెక్క పెట్టేటట్టయితే (ఆ సూచీలో రోజుకు పదిన్నర గంటలు దాటితే పని భారం ఎక్కువ అని గీత) నిన్న తెల్లవారుజాము నుంచి 15 నిమిషాల గడులతో అడగండి. వంట చేస్తూ బిడ్డను చూసుకోవడం రెండో పనిగా రాయకపోతే కోడలి రోజు తగ్గిపోయి కనపడుతుంది. మూడు వాడలనూ ఒకే వారంలో అడగాలి. ఎస్సీ కాలనీని మిర్చి కోతల్లో, ఓసీ వీధిని ఎండాకాలం ఖాళీలో అడిగితే మీకు కనపడేది కులం తేడా కాదు, పంట కాలం తేడా.

హింస ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క మహిళనే అడగాలి. అది కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఉన్న నియమం. ఇద్దరిని అడిగితే ఒకరికి తెలిసిన సంగతి రెండోవారి ద్వారా ఇంట్లో పొక్కుతుంది, దెబ్బలు ఆమెకే పడతాయి. ముందే చీటీ తీసి ఆమె ఎవరో తేల్చుకోండి. పూర్తి ఏకాంతం దొరికితేనే ఆ భాగం తెరవండి. ఎవరైనా వస్తే వెంటనే వంటల గురించో పంట గురించో ప్రశ్నలున్న పేజీకి తిప్పేయాలి. ఆ పేజీ ముందే సిద్ధంగా ఉండాలి. ఏకాంతం దొరకని ఇళ్లు ఎన్నో కూడా లెక్క రాయండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నెంబరు, సఖి కేంద్రం (బాధిత మహిళలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) వివరాలు నోటితో చెప్పండి, కాగితం చేతిలో పెట్టొద్దు.

వాడవాడ

అడిగేవాళ్ల గురించి ఒక మాట మిగిలింది. ఓసీ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి మాదిగపల్లెలో కూర్చుంటే కుర్చీ తెచ్చి వేస్తారు, ఆమె వినాలనుకున్న జవాబు చెబుతారు. ఎస్సీ అమ్మాయి ఓసీ వీధిలోకి వెళ్తే కొన్ని ఇళ్లు వరండా మెట్ల దగ్గరే మాట్లాడి పంపేస్తాయి. రెండు రకాల వాళ్లనీ తీసుకుని అన్ని వాడలకూ కలిపి తిప్పండి. ఎవరు ఎవరిని అడిగారో ప్రతి కాగితం మీదా రాయండి. ఊరి వీఓఏను (గ్రామ సంఘం లెక్కలు రాసే ఆమెను) వెంట తీసుకెళ్లవద్దు. లోన్ ఆగిపోతుందేమోనన్న భయంతో ఒక్కరూ సంఘం గురించి నిజం చెప్పరు. దారి చూపించడానికి వస్తే వీధి చివర వరకు రమ్మని, అక్కడినుంచి పంపేయండి.

ప్రశ్నపత్రం వాడుక భాషలో ఉండాలి. "సాధికారత", "నిర్ణయాధికారం" లాంటి మాటలు కాగితంలో ఎక్కడా కనపడకూడదు. "పెత్తనం ఎవరిది", "ఎవరి మాట నెగ్గుతుంది", "అడిగి వెళ్తారా, చెప్పి వెళ్తారా" అనండి. ఈ చివరి ప్రశ్న పాతికేళ్ల కోడలికీ, అరవై ఏళ్ల అత్తకూ, ఏ వాడలోనైనా ఒకేలా అర్థమవుతుంది.